ఓము సూత్రము: ఖేజురీ ఇనుప కమ్మినుండి మన రైలు తీగవరకు

మేదినీపురపు సీమకు దక్షిణపు కొనయందు, హుగ్లీనది సముద్రమును చేరుచోట, ఖేజురీ యను గ్రామము కలదు. నేడది పూర్వ మేదినీపురము జిల్లాలోనిది. కలకత్తాకు వచ్చు పెద్ద ఓడలు ఒకప్పుడు ఆ రేవున లంగరు దించెడివి; విదేశపు ఉత్తరముల సంచులు అచటనే దిగెడివి. 1851, 1852 సంవత్సరములలో కలకత్తానుండి డైమండు హార్బరు మీదుగా ఈ ఖేజురీవరకు ఒక తంతి మార్గమును వేసిరి. భారతదేశమున ప్రజలకు పనికివచ్చిన మొదటి తంతి మార్గమిదియే. ఖరిదాలో కాపురముండు మనకు మేదినీపురమనగా రైలుమార్గమే తలపునకు వచ్చును గాని, రైలు రాకకు దాదాపు అర్ధశతాబ్దము ముందుగానే ఈ సీమలోనికి విద్యుత్తు వచ్చి చేరినదను సంగతిని మనలో పలువురు ఎరుగరు.

ఆ మార్గమును వేసినవాడు విలియం బ్రూక్ ఓషానెస్సీ. ఐర్లండు దేశస్థుడు, వృత్తిచే వైద్యుడు, కలకత్తా వైద్య కళాశాలలో రసాయనశాస్త్రోపాధ్యాయుడు. 1839లోనే ఆయన కలకత్తా వనస్పత్యుద్యానమున మైళ్లకొలది తీగను సాగదీసి, దానిగుండ సంకేతములను పంపి చూచెను. ఆ తొలినాళ్ల సంకేతము చెవికి వినబడునదియు కాదు, కంటికి కనబడునదియు కాదు. తీగ కొనను వ్రేలితో పట్టుకొన్నవానికి తగులు అదురే సంకేతము. తరువాతి కాలమున శివచంద్ర నంది యను వంగీయ యువకుడు ఆయనకు కుడిభుజమై తంతి మార్గముల పనిని నడిపెను. ఈ ఇరువురి పేర్లును పాఠ్యపుస్తకములలో అరుదుగా కనబడుట చింతింపదగిన విషయము.

ఓషానెస్సీ సన్నని తీగను వాడలేదు. అంగుళమున ఎనిమిదింట మూడు వంతుల లావుగల ఇనుప కమ్మిని, మైలొక్కంటికి రమారమి ఒక టన్ను బరువు తూగుదానిని, స్తంభములపై పరపించెను. చూపునకు మోటుపనియే. అయినను గాలివానకు తెగని బలము, కోతులు వ్రేలాడినను పక్షులు వ్రాలినను చెడని గట్టితనము దానికి కలవు. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ఇనుము రాగివంటి వాహకము కాదు. ఒకే కొలతగల రాగి తీగకంటె ఇనుప తీగ విద్యుత్తును ఆరేడు రెట్లు అధికముగా అడ్డగించును. కమ్మి లావుగా నుండుటచే ఆ కొరత తీరెను. నేటి లెక్క ప్రకారము ఆ కమ్మి మైలునకు సుమారు 3 ఓముల నిరోధము చూపును. 4 మిల్లీమీటర్ల ఇనుప తీగయైనచో మైలునకు 16, 17 ఓములు చూపును.

ఇచట ఒక ప్రశ్న పుట్టును. ఈ ‘3 ఓములు’ అను సంఖ్యను ఎవరు చూచిరి? బరువును తక్కెడ చూపును, పొడవును గజపుబద్ద చూపును. నిరోధము అట్లు నేరుగా కంటబడునది కాదు. దానిని రెండు వేరు కొలతలనుండి రాబట్టవలసినదే. తీగను ఎంత వోల్టేజి త్రోయుచున్నదో ఒక కొలత, తీగలో ఎంత కరెంటు పారుచున్నదో రెండవ కొలత. మొదటిదానిని రెండవదానిచే భాగించినచో నిరోధము, గుణించినచో సామర్థ్యము తెలియును. ఎనిమిదవ తరగతి బాలుడు చేయగల లెక్క. కాని ఈ లెక్కను నమ్ముటకు ఐరోపా పండితులకు పదునైదేండ్లు పట్టెను. దానిని కనుగొన్నవాని ఉద్యోగము పోయెను. దానిని లక్ష్యపెట్టనివారి చేతిలో అట్లాంటిక్ సముద్రగర్భమున ఒక మహాతంత్రి చెడిపోయెను. ఆ కథయే ఈ వ్యాసమునకు విషయము.

ముందుగా మాటల అర్థమును స్థిరపరచుకొందము. మన వైపు చెరువు తూమును తలచుకొనిన చాలును. తూమునకు ఇరుప్రక్కల నీటిమట్టములలోని తేడా వోల్టేజివంటిది. తూముగుండ క్షణమునకు పారు నీటి పరిమాణము కరెంటువంటిది. తూము ఇరుకై, పొడవై యున్నకొలది పారుదలకు కలుగు అడ్డము నిరోధమువంటిది. చెరువు నిండుగా నున్నంతమాత్రమున పొలమునకు నీరు పుష్కలముగా పారునని చెప్పలేము; తూమును కూడ చూడవలెను. ఉపమానము ఇంతవరకే సాగును. నీటి పారుదల లెక్కలు ఇంతకంటె చిక్కైనవి; విద్యుత్తు లెక్కయే సులభము.

ఈ సంబంధమును తొలుత పసికట్టినవాడు ఓము కాదు, ఇంగ్లండు దేశస్థుడైన హెన్రీ కావెండిష్. 1781లో ఆయన లైడెన్ జాడీలలో విద్యుత్తును నింపి, దానిని ఉప్పునీటి గొట్టములగుండను తన శరీరముగుండను పోనిచ్చి, తగిలిన అదురుల తీవ్రతను పోల్చి చూచెను. కరెంటును కొలుచు పరికరము లోకమున లేని కాలమది. ఆయన దేహమే ఆయనకు మీటరు. అయినను ఆయన చేసిన నిర్ణయము సరియైనదే. ఆయన మహాసంపన్నుడు, అంతకు మించిన ఏకాంతప్రియుడు. వ్రాసికొన్న కాగితములను పెట్టెలో పెట్టి ఊరకుండెను. వానిని మాక్స్‌వెల్ పరిష్కరించి ప్రకటించునప్పటికి 1879 వచ్చెను. ఆసరికి ఓము సూత్రము లోకమున పాతబడిపోయెను.

కావెండిష్ కాగితములు పెట్టెలోనున్న కాలముననే పీటర్ బార్లో అను ఆంగ్లేయుడు 1825లో ఒక పరిశోధన చేసెను. తీగ పొడవు పెరిగినకొలది కరెంటు ఎట్లు తగ్గునో చూచి, రెండువందల అడుగుల తీగకే ఇంత క్షీణించినచో దూరదేశములకు తీగద్వారా వార్తలు పంపుట జరుగని పని యని తేల్చెను. ఆయన పండితుడు, చేసిన కొలత అబద్ధము కాదు. తీగ నిరోధమును మాత్రము చూచి, బ్యాటరీ నిరోధమును చూడకపోవుటయే చిక్కు. తంతి యను ఊహను చాలమంది మనసులలో మొగ్గలోనే త్రుంచివేయుటకు ఆ ఒక్క వాక్యము చాలెను.

జార్జి సైమన్ ఓము 1789 మార్చి 16న జర్మనీలోని ఎర్లాంగెన్ నగరమున జన్మించెను. తండ్రి తాళములు చేయు పనివాడు. పాఠశాల చదువు లేకున్నను స్వయముగా గణితమును, శాస్త్రమును నేర్చుకొని కుమారులకు తానే చెప్పెను. 1817నుండి ఓము కొలోన్ నగరమున ఒక ఉన్నత పాఠశాలలో గణితము, భౌతికశాస్త్రము బోధించుచుండెను. ఆ పాఠశాలలో పరికరములుగల ప్రయోగశాల యుండుట ఆయన అదృష్టము. తాళముల పని చేసిన యింట పెరుగుటచే లోహముపై చేయి ఆడుట మరియొక అదృష్టము.

1825లో ఆయన మొదటి పత్రమును తొందరపడి ప్రకటించెను. అది సరిగా రాలేదు. ఆనాటి బ్యాటరీలు కలిపిన క్షణమున ఒక బలముతో నుండి, మరుక్షణమున నీరసించెడివి. ఆ ఒడుదొడుకులమధ్య తీసిన కొలతలనుండి ఆయన లాగరిథములతో కూడిన చిక్కు సూత్రమును అల్లెను. అప్పుడు పత్రికాసంపాదకుడైన పోగెన్‌డార్ఫ్ ఒక మేలైన సలహా నిచ్చెను. 1821లో సీబెక్ కనుగొన్న ఉష్ణవిద్యుత్తును వాడి చూడుమనెను. రెండు వేరు లోహములను రెండుచోట్ల కలిపి, ఒక కీలును వేడిగాను, రెండవదానిని చల్లగాను ఉంచినచో విద్యుత్తు పుట్టును. ఓము బిస్మతు, రాగి కలిపిన జంటను చేసి, ఒక కొనను మరుగు నీటిలోను, రెండవ కొనను మంచులోను ఉంచెను. మరుగు నీటి వేడి మారదు, కరగుచున్న మంచు చల్లదనము మారదు. కావున వోల్టేజియు మారదు. రెండు కొలతలలో ఒకదానిని కదలకుండ కట్టివేయుటయే ఈ యేర్పాటులోని గొప్ప. నాకు తోచినంతలో ఓము ప్రతిభ సూత్రమునందు కంటె ఈ మరుగునీటి గిన్నెయందే ఎక్కువగా నున్నది.

పిదప ఆయన ఒకే మందముగల ఎనిమిది రాగి తీగలను తీసికొనెను. వాని పొడవులు 2, 4, 6, 10, 18, 34, 66, 130 అంగుళములు. ఒక్కొక్కదానిని కలిపి, సన్నని పట్టీకి వ్రేలాడు అయస్కాంతపు ముల్లు ఎంత తిరుగునో కొలిచెను. రెండంగుళముల తీగకు సుమారు 326 భాగములు, నూట ముప్పది అంగుళముల తీగకు సుమారు 48 భాగములు వచ్చెను. పొడవు అరువదియైదు రెట్లు పెరిగినను కరెంటు ఏడవ వంతునకు మాత్రమే తగ్గెను! సాధారణుడు ఇచటనే పొరబడును. ఓము మాత్రము తీగ పొడవునకు ప్రతిసారియు 20¼ అంగుళములను కలిపి, 7285ను ఆ మొత్తముచే భాగించి చూచెను. 2 అంగుళములకు 22¼, అందుచే 327. 34 అంగుళములకు 54¼, అందుచే 134. 130 అంగుళములకు 150¼, అందుచే 48½. కొలతకు లెక్క అతికినట్లు సరిపోయెను. ఆ ఇరువది చిల్లర అంగుళములు పరికరములోని మిగత భాగములు చూపు నిరోధము. బార్లో చూడక విడిచినది ఈ ఇరువది అంగుళములనే.

1826లో ఫలితములు, 1827లో బెర్లిను నగరమున గ్రంథము వెలువడెను. ఆ గ్రంథమునకు ఆదరము లభించునని, విశ్వవిద్యాలయమున ఆచార్య పదవి దొరకునని ఓము ఆశించెను. జరిగినది వేరు. ప్రకృతిని మేధతో ధ్యానించి తెలిసికొనవలెనే గాని ఇట్లు గణితముతో కొలిచి చూచుట తత్త్వము కాదని నమ్మిన పండితులు ఆనాటి జర్మనీలో ప్రబలముగా నుండిరి. పోల్ అను ఆచార్యుడు గ్రంథమును తీవ్రముగా ఖండించెను. విద్యాశాఖాధికారులును ఆదరింపలేదు. ఓము 1828లో కొలోన్ ఉద్యోగమును విడిచి, బెర్లినులో వారమునకు కొన్ని గంటల గణితపాఠములు చెప్పుకొనుచు అయిదారేండ్లు గడపెను. 1833లో నూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో పని దొరకెను.

గౌరవము పరదేశమునుండి వచ్చెను. లండను రాయల్ సొసైటీ 1841లో ఆయనకు కోప్లే పతకము నిచ్చెను. ఆయన గ్రంథము ఆంగ్లానువాదము కూడ ఆ యేటనే వెలువడెను. అటుపిమ్మట వీట్‌స్టన్ మొదలగువారు ఓము లెక్కను తంతి పనులలో ప్రవేశపెట్టిరి. స్వదేశమున మ్యూనిక్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్య పదవి 1852లో లభించెను. రెండేండ్లకు, 1854 జులై 6న, ఓము మరణించెను. మనకు తెలిసిన ‘ఓము’ అను మానమును ఆయన వినలేదు.

తంతివారు ఈ లెక్కను నెత్తికెత్తుకొనుటకు కారణము సుస్పష్టము. ఒక ఉదాహరణము చూతము. మైలునకు 3 ఓములు చూపు కమ్మి ఎచటనో తెగి నేలను తాకినదనుకొందము. స్టేషనులో కూర్చున్నవాడు 12 వోల్టుల బ్యాటరీని కలిపి చూడగా 0.08 ఆంపియరు పారినది. 12ను 0.08చే భాగింపగా 150 ఓములు. 150ని మూడుచే భాగింపగా 50. యాబదవ మైలురాయి దగ్గరకు మనిషిని పంపవలెను. బ్యాటరీలోని నిరోధమును, భూమిని తాకినచోటి నిరోధమును తీసివేసికొనవలెననుట నిజమే, పద్ధతి మాత్రమిదియే. గదిలోనుండి కదలకుండ, కంటికి కనబడని తెగుదలను వ్రేలితో చూపినట్లు చూపుట ఆ రోజులలో మంత్రమువలె తోచియుండును.

సముద్రగర్భమున మనిషిని పంపుట కుదరదు గదా! 1858 ఆగస్టులో ఐర్లండునుండి ఉత్తర అమెరికాకు అట్లాంటిక్ అడుగున తొలి తంత్రి పడెను. రెండు ఖండములును ఉత్సవములు జరుపుకొనెను. ఆ తంత్రి విద్యుత్ వ్యవహారములను చూచినవాడు వైల్డ్‌మన్ వైట్‌హౌస్. ఈయనయు వృత్తిచే వైద్యుడే. సంకేతము మందగించిన కొలది వోల్టేజి పెంచవలెనని ఆయన నమ్మకము. రెండువేల వోల్టులవరకు ప్రయోగించెనని చెప్పుదురు. గుడ్డి నమ్మకముతో త్రోసిన ఆ పీడనమునకు, అసలే లోపములున్న తంత్రి తొడుగు చెడి, మూడు నాలుగు వారములలో మూగపోయెను. సన్నని కరెంటును పంపి, సున్నితమైన మీటరుతో చదువుటయే సరియైన మార్గమని విలియం థామ్సన్ వాదించియుండెను. ఇరువురు వైద్యులు, రెండు తంత్రులు. ఒకరు హుగ్లీ ఒడ్డున అడ్డము తగ్గించుటకు కమ్మిని లావుచేసిరి; మరియొకరు సముద్రమున అడ్డమును తెలిసికొనక పీడనమును పెంచిరి.

ఈ నష్టమునుండియే ప్రామాణికమైన నిరోధమానము పుట్టెను. 1861లో బ్రిటిష్ అసోసియేషను థామ్సన్ ప్రోద్బలముచే ఒక సంఘమును నియమించెను. మాక్స్‌వెల్ మొదలగువారు ఏండ్ల తరబడి శ్రమించిరి. 1881లో పారిస్ నగరమున కూడిన అంతర్జాతీయ సభ వోల్టు, ఆంపియరు, ఓము అను మానములను అంగీకరించెను. ఈ మూటిలో ఏ రెండు తెలిసినను మూడవది తేలునట్లు వానిని కూర్చిరి. ఒక వోల్టు ఒక ఓముగుండ ఒక ఆంపియరును పారించును.

నాలుగవదగు వాట్టు కథ వేరొక యింట పుట్టినది. సాల్‌ఫర్డ్ నగరపు సారాయి బట్టీ యజమాని కుమారుడు జేమ్స్ ప్రెస్కాట్ జౌల్. 1840 ప్రాంతమున ఆయన తీగచుట్టలను నీటిగ్లాసులలో ముంచి, కరెంటు పోనిచ్చి, నీరెంత వేడెక్కునో ఉష్ణమాపకముతో చూచెను. కరెంటు రెండింతలైన వేడి రెండింతలగునని ఎవరైనను అనుకొందురు. నాలుగింతలయ్యెను. కరెంటు మూడింతలైన వేడి తొమ్మిదింతలు. అనగా వేడి కరెంటు వర్గమును బట్టియు, నిరోధమును బట్టియు ఉండును. ఓము సూత్రముతో దీనిని కలిపినచో క్షణమునకు వ్యయమగు శక్తి, అనగా సామర్థ్యము, వోల్టులను ఆంపియర్లచే గుణించినంత యగును. దీని మానమునకు ఆవిరియంత్రపు జేమ్స్ వాట్ పేరు పెట్టవలెనని 1882లో విలియం సీమెన్స్ ప్రతిపాదించెను. ఒక అశ్వసామర్థ్యము సుమారు 746 వాట్టులు. ఆవిరియింజను మనిషి పేరును విద్యుత్తువారు తమ మీటరుపై వ్రాసికొనుట చమత్కారమే.

ఇంటి లెక్క ఒకటి చూతము. 230 వోల్టులపై 1000 వాట్టుల నీళ్లకాగు హీటరు 4.35 ఆంపియర్లు తీసికొనును. దాని నిరోధము 52.9 ఓములు. సాయంకాలము అందరును దీపములు వెలిగించు వేళ వోల్టేజి 200కు దిగినదనుకొనుడు. హీటరు నిరోధము మారదు. 200 వర్గమును 52.9చే భాగింపగా 756 వాట్టులు. వోల్టేజి తగ్గినది ఎనిమిదవ వంతే గాని వేడి తగ్గినది దాదాపు నాలుగవ వంతు. నీళ్లు కాగలేదని హీటరును తిట్టుట అన్యాయము.

అయితే ఈ భాగహారమును కన్ను మూసికొని చేయరాదు. 230 వోల్టుల 100 వాట్టుల పాతకాలపు తీగబల్బు వెలుగుచున్నప్పుడు 529 ఓములు చూపును. చల్లగా నున్నప్పుడు అదే బల్బును కొలిచినచో అందులో పదవ వంతునకు తక్కువే. టంగ్‌స్టన్ తీగ వేడెక్కినకొలది నిరోధము పెరుగుట ఇందుకు కారణము. బల్బు వెలిగించిన క్షణముననే తరచుగా పోవుట మనమందరము చూచినదే.

మోటారు విషయమున భేదము ఇంకను ఎక్కువ. చెన్నపట్టణమున 1895లోను, కలకత్తాలో 1902 మార్చి 27న ఎస్ప్లనేడునుండి ఖిదిర్‌పూర్‌కును విద్యుత్ ట్రాములు మొదలాయెను. కలకత్తా ట్రాము తీగపై 550 వోల్టులుండెడివి. మోటారు తీగచుట్టల నిరోధము అర ఓమనుకొందము. ఆగియున్న మోటారుకు నేరుగా కలిపినచో 1100 ఆంపియర్లు దూకి చుట్టలు మాడిపోవును. అందుకే నడుపువాడు చేతిపిడిని మెట్టుమెట్టుగా త్రిప్పి, మొదట అదనపు నిరోధములను చేర్చి, వేగము పుంజుకొన్నకొలది వానిని తొలగించెడివాడు. పరుగులోనున్న మోటారు తానే ఒక డైనమోవలె ఎదురు వోల్టేజిని పుట్టించును. ఆ ఎదురు 525 వోల్టులైనచో మిగిలిన 25 వోల్టులే నిరోధమును దాటుటకు పనిచేయును. కరెంటు 50 ఆంపియర్లు. మీటర్లను చూచి 550ని 50చే భాగించి ‘పదకొండు ఓములు’ అనినచో తప్పు. సామర్థ్యమునకు మాత్రము గుణకారము సరియైనదే: 27,500 వాట్టులు. అందు 1,250 వాట్టులు చుట్టలను వేడిచేయును. తక్కిన 26,250, అనగా సుమారు 35 అశ్వసామర్థ్యము, బండిని లాగును. ఏకాంతర విద్యుత్తులో ఈ గుణకారమునకును ‘పవర్ ఫ్యాక్టర్’ అను మరియొక గుణకము చేరును. ఆ చర్చ ఈ వ్యాసమున కిముడదు.

ఇక మన రైల్వే సంగతి. బెంగాల్ నాగపూర్ రైల్వేతో వాల్తేరు, విజయనగరము, శ్రీకాకుళము వైపులనుండి వచ్చి ఖరగ్‌పూర్ కర్మాగారమున చేరిన మన పెద్దలకు ఓము పేరు తెలిసియున్నను లేకున్నను, ఆయన లెక్క వారి చేతిలో నుండెడిది. రైలుపెట్టె దీపములనే చూడుడు. పూర్వము ఇరుసునకు పట్టీతో కట్టిన డైనమో, దానితోడి బ్యాటరీలు 24 వోల్టులిచ్చెడివి. పెట్టెలో 25 వాట్టుల దీపములు నలుబది యున్నవనుకొనుడు: మొత్తము 1000 వాట్టులు, కరెంటు 41.7 ఆంపియర్లు. పెట్టెలోని తీగల నిరోధము ఓములో ఇరువదవ వంతైనను రెండు వోల్టులకు పైగా తీగలలోనే పోవును. 24లో అది నూటికి తొమ్మిది పాళ్లకు దగ్గర. అవే దీపములను 110 వోల్టులకు మార్చినచో కరెంటు 9.1 ఆంపియర్లు, నష్టము అర వోల్టులోపల. రైలుపెట్టెలు 24 వోల్టులనుండి 110 వోల్టులకు మారుటలోని న్యాయమిది.

దీపములకు వర్తించిన న్యాయమే ఇంజనులకును వర్తించును. 1925 ఫిబ్రవరి 3న బొంబాయిలో మొదలైన విద్యుద్రైలు 1500 వోల్టుల ఏకముఖ విద్యుత్తుపై నడచెను. 1957 డిసెంబరులో హౌరానుండి మొదలైన శివారు రైలు 3000 వోల్టులపై నడచెను. ఆ యేటనే రైల్వేశాఖ, ఫ్రెంచి రైల్వేల సలహాతో, 25,000 వోల్టుల ఏకాంతర పద్ధతిని ఎన్నుకొనెను. దానిపై మన దేశమున తొలి రైలు 1959 డిసెంబరు 15న నడచినది మన ఆగ్నేయ రైల్వేలోనే, కేంద్‌పోసీ – రాజ్‌ఖర్స్‌వాన్ మార్గమున. హౌరా – ఖరగ్‌పూర్ మార్గమునకు ఆ తీగ 1960ల దశకపు చివర వచ్చెను.

ఎందుకీ 25,000? ఒక ఇంజనుకు 3000 కిలోవాట్టులు కావలెననుకొందము. ఉపకేంద్రమునుండి ఇంజనువరకు తీగ నిరోధము 0.2 ఓము. 1500 వోల్టులవద్ద 2000 ఆంపియర్లు కావలెను. దారిలో 400 వోల్టులు పోవును, కావున ఉపకేంద్రము 1900 వోల్టులు పంపవలెను. తీగలో వృథాయగునది 800 కిలోవాట్టులు. 25,000 వోల్టులవద్ద, పవర్ ఫ్యాక్టరును విడిచి చెప్పినచో, 120 ఆంపియర్లు చాలును. దారిలో పోవునది 24 వోల్టులు. వృథా మూడు కిలోవాట్టులకు లోపల. జౌల్ గ్లాసునీటిలో చూచిన వర్గము ఇచట ఇన్నూటడెబ్బదియేడు రెట్ల భేదమై కూర్చున్నది. తీగ సన్నబడినది, ఉపకేంద్రములు యాబది అరువది కిలోమీటర్ల కొకటి యుండిన చాలునన్నంత దూరమైనవి. మన రైళ్లు ఇంత రాగితో ఇంత దూరము పరుగిడుట ఈ గుణకార భాగహారముల ఫలమే.

కాని ఆ తీగ మన యిండ్లకు సమీపముననే పోవుచున్నది. పిల్లలు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: 25,000 వోల్టుల తీగపై కాకి వ్రాలినను చావదేమి? లెక్క వేసి చెప్పవచ్చును. 107 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కిలోమీటరునకు సుమారు 0.16 ఓము చూపును. కాకి రెండు కాళ్ల నడుమ అయిదు సెంటీమీటర్లు. ఆ మేరకు నిరోధము ఓములో పది లక్షలవ వంతులు ఎనిమిది. 120 ఆంపియర్లు పారుచున్నను కాకి కాళ్లమధ్య వోల్టేజి వోల్టులో వేయవ వంతునకు మించదు. ఖేజురీ కమ్మిపై వ్రాలిన పక్షుల సంగతియు ఇట్టిదే. కాకి ఆ తీగతోపాటు భూమిని గాని, భూమిని తాకిన ఇనుపస్తంభమును గాని తాకినచో క్షణములో మాడును.

మనిషి నేలపై నిలుచువాడు. పొడి చర్మము వేలకొలది ఓములు అడ్డగించును. తడిసినచో శరీర నిరోధము వేయి ఓముల ప్రాంతమునకు దిగును. 230ని వేయిచే భాగింపగా 0.23 ఆంపియరు. గుండె లయ తప్పుటకు ఆంపియరులో పదవ వంతు, కొన్నియెడల అంతకంటె తక్కువయు చాలును. ఇండ్లలో అమర్చు లీకేజి స్విచ్చి 0.03 ఆంపియరుకే కరెంటును తెంచునట్లు చేయుట ఈ లెక్కను బట్టియే. 25,000 వోల్టుల తీగవద్ద తాకుట కూడ అక్కరలేదు. దగ్గరకు పోయినంతనే గాలి చీలి నిప్పు పుట్టి, దేహముగుండ భూమిని చేరును. ప్రాణముతోనున్న ఆ తీగకు రెండు మీటర్లలోపల ఎవ్వరును పోరాదని రైల్వే నియమము. ఆగియున్న గూడ్సు పెట్టె పైకప్పుపై నిలిచినవాని తలకును ఆ తీగకును నడుమ ఆ రెండు మీటర్లు ఉండవు.